ఐదు రోజులు మింగేసిన బ్యాంకులు

ఏడాదికి ఎన్ని రోజులని బడిపిల్లవాణ్ని అడిగితే 365 అంటాడు. పాపం, వాడికింకా బ్యాంకులో ఉద్యోగం రాలేదు.

19వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికా బ్యాంకులకు ఏడాది 360 రోజులకే ముగిసేది. గుమాస్తా గంభీరంగా రౌలెట్ అనే ఆయన పేరిట అచ్చయిన వడ్డీ పట్టికల పుస్తకం తెరిచేవాడు. 90 రోజులంటే ఏడాదిలో సరిగ్గా పావు వంతని తేల్చి, ఆ వడ్డీని అప్పులోంచి ముందే కోసుకుని మిగిలిన సొమ్ము బాకీదారు చేతిలో పెట్టేవాడు. న్యూయార్క్‌లో చట్టం ఒప్పుకున్న వడ్డీ అప్పట్లో ఏడు శాతం. వెయ్యి డాలర్లకు 90 రోజుల వడ్డీ న్యాయంగా 17 డాలర్ల 26 సెంట్లు. పట్టిక మాత్రం పదిహేడున్నర అంటుంది. 24 సెంట్లకే గొడవా అనకండి. బ్యాంకు రాయించుకునేది ఒక్క ప్రామిసరీ నోటు కాదు.

ఇంతకీ ఆ ఐదు రోజులు ఏమైనట్టు? గుమాస్తా ఆ ఐదు రోజులూ జీతం వదులుకున్నాడా? బ్యాంకు తలుపులు మూశారా? బాకీదారుకు ఆకలి వేయలేదా? మన పంచాంగంలో చాంద్రమాన సంవత్సరానికి 360 తిథులున్నాయి కదా, ఒక సిద్ధాంతిగారిని పడవెక్కించి తీసుకెళ్లి సాక్షిగా బోనులో నిలబెట్టి ఉంటే బ్యాంకు బతికిపోయేది. కాకపోతే అధిక మాసానికి వడ్డీ ఎంతని వారు ఎదురు అడిగేవారు.

సిద్ధాంతిగారు లేని లోటు తెలిసివచ్చింది. 1820లలో బ్యాంక్ ఆఫ్ యుటికా వేగర్ అనే అతని మీద వేసిన దావాలో న్యూయార్క్ కోర్టు ఇది అధిక వడ్డీయేనని తేల్చింది. పట్టిక వాడుకలో ఉన్నంత మాత్రాన చట్టం మారదంది. ఆ చట్టం ప్రకారం అధిక వడ్డీ అంటితే అప్పు పత్రమే చెల్లదు. కోర్టు గోడ మీద క్యాలెండర్ ఉండటం ఎంత అవసరమో చూడండి.

మసాచుసెట్స్‌లో ఆ క్యాలెండర్ లేనట్టుంది. అదే పట్టికను వాడుక ప్రకారం, దురుద్దేశం లేకుండా వాడితే తప్పు లేదన్నారు. వాషింగ్టన్‌లో సుప్రీం కోర్టు మరీ ఉదారం. వడ్డీ ముందే కోసుకోవడం బ్యాంకుల ఆనవాయితీ, అది అధిక వడ్డీ కాదని 1823లో జస్టిస్ స్టోరీ తీర్పు. 1830లో 64 రోజుల నోట్ల తగాదా వచ్చింది. పాత నోటు గడువు తీరకముందే కొత్తది రాయించుకుంటే మధ్యలోని రోజుకు రెండుసార్లు వడ్డీ పడుతుంది. అదీ సబబేనట, ఏ నోటు లెక్క దానిదేనట!

ఏమి ఆనవాయితీ ఇది? ఊళ్లో వడ్డీ వ్యాపారి ఇదే పని చేస్తే రక్తం తాగేవాడంటాం. బల్ల వెనక కూర్చుని, అచ్చేసిన పుస్తకం చూసి చేస్తే పద్ధతి అంటామా? దొంగతనం ఏళ్ల తరబడి సాగితే సంప్రదాయమవుతుందా? అసలు ఆ పట్టికల్లో ఒక్కసారైనా పొరపాటు బాకీదారు వైపు ఎందుకు పడలేదు?

మన దేశంలో ఈ విచారణల శ్రమ చాలావరకు తగ్గించారు. వడ్డీ రేటు మరీ ఎక్కువన్న కారణంతో బ్యాంకు లావాదేవీని కోర్టు తిరగదోడకూడదని 1984లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టానికి 21ఏ సెక్షన్ తగిలించారు. 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం చూపించబోయినా లాభం లేదు. దాన్ని పక్కన పెట్టమని ఆ సెక్షన్ మొదటి వాక్యంలోనే రాసుకున్నారు.