డాక్టరు గారి దశాఫలాలు

ఉగాది నాడు పంచాంగం విప్పి, ఏ రాశికి రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని అంకెలతో సహా తేల్చేసే పద్ధతి మనకు ఉంది. ఈ సదుపాయం లేక బ్రిటన్‌లో ఒక టీవీ సీరియల్ అభిమానులు అరవై ఏళ్లకు పైబడి పడుతున్న అవస్థ చూడలేక ఈ వ్యాసానికి పూనుకున్నాను. ఆ సీరియల్ ‘డాక్టర్ హూ’. అందులో ఏ కాలం ఉచ్చ, ఏ కాలం నీచ అన్నది అక్కడ ఇంతవరకు తేలలేదు.

ముందుగా జాతకం. పుట్టిన తేదీ 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం. అంతకు ముందురోజే అమెరికాలో కెనడీని కాల్చి చంపారు. లోకమంతా ఆ వార్తలో మునిగి ఉండగా మొదటి భాగం ప్రసారమైంది. చాలామంది చూడలేదని బీబీసీ వారు మరుసటి శనివారం రెండో భాగానికి ముందు దాన్ని మళ్లీ వేశారు. ఒక శనివారం పుట్టి, చాలక మరో శనివారం మళ్లీ పుట్టిన జాతకమిది. శని చూపు పడకుండా ఎలా ఉంటుంది?

కథానాయకుడిని అందరూ డాక్టరు అనే పిలుస్తారు. వేరే గ్రహంవాడు. పాత పోలీసు టెలిఫోను పెట్టెలా కనిపించే యంత్రంలో కాలంలో ముందుకూ వెనక్కూ తిరుగుతుంటాడు. 1966లో మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం సహకరించకపోతే నిర్మాతలు ఒక ఉపాయం ఆలోచించారు: ప్రాణం పోయే వేళకు డాక్టరు ముఖం, ఒళ్లు, స్వభావం మారిపోయి కొత్త మనిషి లేస్తాడు. అవతారాలన్న మాట. మన దశావతారాల్లో కూర్మావతారం నడక మందగించిందని గానీ, వామనావతారం నిడివి చాలలేదని గానీ ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు. అక్కడ మాత్రం ప్రతి అవతారానికీ ఒక పక్షం, ప్రతి పక్షానికీ ఒక ప్రతిపక్షం.

మా మేనల్లుడు లెస్టర్‌లో ఉద్యోగం చేస్తూ ఈ వ్యవహారంలో కూరుకుపోయాడు. ఒకరోజు ఫోనులో ఏదో మాట కలపాలని, “ఆ రంగురంగుల కోటు వేసుకునే డాక్టరు హుషారుగా ఉన్నాడురా” అన్నాను. అటునుంచి కాసేపు శబ్దం లేదు. “మామయ్యా, నాతో అన్నారు కాబట్టి సరిపోయింది. ఇంకెవరి దగ్గరా అనకండి” అన్నాడు. పెళ్లి తప్పిపోయిన ఇంట్లో పెద్దలు మాట్లాడే గొంతు అది.

నేను చేసిన అపచారం ఏమిటో తెలుసుకోవడానికి ఆధారాలు తిరగేశాను. 2009లో ‘డాక్టర్ హూ మ్యాగజైన్’ అప్పటికి వచ్చిన 200 కథల మీద పాఠకులతో ఓట్లు వేయించింది. మొదటి స్థానం ‘ద కేవ్స్ ఆఫ్ ఆండ్రోజాని’ అనే కథకు దక్కింది. అది 1984 మార్చి 16న ముగిసింది. 200వ స్థానం, అంటే అట్టడుగు, ‘ద ట్విన్ డైలమా’ది. అది ఎప్పుడు మొదలైంది? 1984 మార్చి 22న. రాజపూజ్యానికీ అవమానానికీ మధ్య ఆరు రోజులు! అదే నిర్మాత, అదే స్క్రిప్టు ఎడిటరు. అమావాస్యకూ పున్నమికీ మధ్య కూడా పక్షం రోజుల మర్యాద ఉంటుంది.

మొదటి కథలో డాక్టరుకూ, పెరీ అనే అతని తోడు అమ్మాయికీ విషం సోకుతుంది. దొరికిన విరుగుడు ఒక్కరికే సరిపోతుంది. అది ఆమెకు తాగించి తాను నేలకొరుగుతాడు. చూసినవాళ్లందరూ కన్నీళ్లు పెట్టుకున్నారట. కొత్త అవతారం ఎత్తాడు. మరుసటి వారం, మతి ఇంకా కుదుటపడక, అదే అమ్మాయి గొంతు నులిమాడు. ఏ గొంతులో మందు పోశాడో ఆ గొంతే! దాని మీద ఆ కోటు ఒకటి. చూడగానే రుచి లేని కోటు అనిపించాలని నిర్మాత జాన్ నేథన్-టర్నర్ ఏరికోరి కుట్టించాడు. ఉద్దేశం నూటికి నూరుపాళ్లు నెరవేరిన ప్రభుత్వేతర పథకాల్లో ఇదొకటి.

నేథన్-టర్నర్‌ది 1980 నుంచి 1989 దాకా మహాదశ. నటులవి అందులో అంతర్దశలు. 1985లో బీబీసీ వన్ అధిపతి మైఖేల్ గ్రేడ్ సీరియల్‌ను 18 నెలలు విశ్రాంతికి పంపాడు. వక్రగతి అంటే అదే. తిరిగి వచ్చాక డాక్టరునే బోనెక్కించి 14 భాగాల విచారణ కథ నడిపారు. ఆపైన నటుడిని తీసేశారు. 1987 సీజను మీద అభిమానులు పెట్టిన శాపనార్థాలు వేరే. 1984 మార్చి నుంచి 1987 డిసెంబరు దాకా లెక్క వేస్తే మూడు సంవత్సరాల ఎనిమిది నెలల పైచిలుకు. ఏలినాటి శనిలో దాదాపు సగం. మిగతా సగం ఎక్కడ అని అడిగేవారికి, ఏ అభిమానిని కదిలించినా తనకు నచ్చిన చోట చూపిస్తాడు.

ఇక్కడొక దైవలీల చెప్పాలి. 1986 డిసెంబరులో ఆ విచారణ కథ ముగిశాక, బీబీసీ వారి ‘ఓపెన్ ఎయిర్’ కార్యక్రమంలో అభిమాన సంఘం తరఫున ఒక పదహారేళ్ల కుర్రవాడు కూర్చుని, కథ ఇంకా బాగా రాసి ఉండవలసిందని రచయితలకే నిర్మొహమాటంగా చెప్పాడు. అతని పేరు క్రిస్ చిబ్నల్. 2018 నుంచి 2022 దాకా ఆ సీరియల్‌కు ప్రధాన రచయిత అతనే. ఆ కాలంలో అభిమానులు ఏమన్నారు? కథ ఇంకా బాగా రాసి ఉండవలసిందన్నారు. అత్తగారి వంకలు ఎత్తి చూపిన కోడలికి కోడలు రావడానికి ముప్పై రెండేళ్లు పట్టింది.

మరి స్వర్ణయుగం మాటేమిటి? అది 1975, 76, 77 అని, పొడవాటి కండువా చుట్టుకున్న టామ్ బేకర్ కాలమని చాలామంది ఒప్పుకుంటారు. అయితే అప్పుడు ఒప్పుకున్నారా? 1976లో ‘ద డెడ్లీ అసాసిన్’ కథ వచ్చినప్పుడు అభిమాన సంఘం అధ్యక్షుడే దాన్ని చీల్చి చెండాడి, ఈ సీరియల్‌లోని మహత్తు ఏమైపోయిందని నిలదీశాడు. నీతి పరిరక్షకురాలు మేరీ వైట్‌హౌస్ గారు డాక్టరు తల నీళ్లలో ముంచి పట్టుకున్న దృశ్యం మీద మండిపడితే బీబీసీ క్షమాపణ చెప్పుకుంది. మరుసటి ఏడాది నిర్మాతను మార్చారు. నేడు అదే కథను కళాఖండం అంటున్నారు. రాసింది రాబర్ట్ హోమ్స్. ఆండ్రోజాని కథ రాసిందీ ఆయనే. మొదటిదానికి తిట్లు రొక్కంగా ముట్టాయి. రెండోదానికి ప్రథమ బహుమతి, ఆయన కన్నుమూసిన ఇరవై మూడేళ్లకు.

అందువల్ల నీచస్థానంలో పడ్డ కథలకు పరిహారం సూచిస్తున్నాను. జపాలు, తైలాభిషేకాలు కావు. బీబీసీ వారే ఒకప్పుడు పాటించిన ఆచారం. 1960ల నాటి టేపులను ఆ సంస్థ తుడిచి మళ్లీ వాడుకుంది, ఫిల్ములను పారేసింది. తొంభైకి పైగా భాగాలు ఇప్పటికీ కనబడటం లేదు. అభిమానులు ఇళ్లలో రికార్డు చేసుకున్న శబ్దం మాత్రం మిగిలింది. కనబడని కథను మించిన కథ ఎక్కడుంటుంది? 1967 నాటి, సైబర్‌మెన్ అనే లోహపు మనుషుల సమాధుల కథ పోయినన్నాళ్లు మహాద్భుతమని చెప్పుకున్నారు. 1990ల మొదట్లో హాంగ్‌కాంగ్ నుంచి చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. చూసి కొందరు నీళ్లు నమిలారు. కాబట్టి ‘ట్విన్ డైలమా’ టేపును ఒక శనివారం శుభముహూర్తాన తుడిచేస్తే, పాతికేళ్లలో అది మొదటి పదింట్లో చేరుతుందని నా గణితం. దీనికి అపవాదం లేకపోలేదు. ‘ద ఎనిమీ ఆఫ్ ద వరల్డ్’ కథలో చాలాకాలం ఒక్క భాగమే మిగిలింది, అది చూసి అందరూ పెదవి విరిచారు. 2013లో నైజీరియా నుంచి మిగతావి వచ్చాక అమాంతం మెచ్చుకున్నారు. గ్రహాలు కూడా ఒక్కోసారి మాట తప్పుతాయి.

ఇదే సూత్రం ప్రకారం చూస్తే అత్యుత్తమ కాలం 1990 నుంచి 2004. మధ్యలో 1996లో ఒక్క టీవీ చిత్రం తప్ప ఏమీ రాలేదు. ఎవరికీ ఏ కష్టమూ కలగలేదు. 2005లో రసెల్ టి డేవిస్ దాన్ని బతికించి ఆ ప్రశాంతత చెడగొట్టాడు. ఆయన వెళ్లాక ఆయనే కావాలన్నారు. 2023లో ఆయనే వచ్చాక, ఈయన కాదు, అప్పటి ఆయన కావాలన్నారు.

మొన్న మేనల్లుడు మళ్లీ ఫోను చేశాడు. వాళ్ల ఎనిమిదేళ్ల పాప పాతవన్నీ చూస్తూ ఆ 200వ కథ దగ్గర ఆగిపోయిందట. పుట్టినరోజుకు ఆ కోటే కావాలని పట్టుపట్టిందట. అక్కడ కుట్టించాలంటే ఖర్చెక్కువ, ఇక్కడ వీలవుతుందా అని నసుగుతూ అడిగాడు. ఫొటో పట్టుకుని మా వీధి చివర టైలరు దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. “రంగుల సంగతి అలా ఉంచండి. ఇన్ని ముక్కలు కలిపినా భుజం దగ్గర ఎక్కడా పట్టెయ్యలేదు చూశారా. కుట్టినవాడు గట్టివాడండీ” అన్నాడు. పాప కొలతలు పంపమన్నాడు.

కొలతలు తెప్పించాను. టైలరు అభిప్రాయం మాత్రం మేనల్లుడికి ఇంకా చెప్పలేదు.