లైటు వెలుగుతోంది కదా మేడమ్, ఇంకేంటి?

బాత్రూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపినా మిణుకుమిణుకుమంటోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే, ఆయనగారు సెలవిచ్చిన మాట అది. ఇప్పుడే వెళ్లాడు. ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా.

"ఎల్‌ఈడీ అంటే అంతే మేడమ్, కాస్త కరెంటు మిగిలిపోతుంది" అట. మిగిలిపోవడానికి అదేమన్నా నిన్నటి చారా? హోల్డర్‌లో టెస్టర్ పెట్టి చూపించా. స్విచ్ ఆపే ఉంది, టెస్టర్ మాత్రం ఎర్రగా వెలిగింది. అంటే ఫేజు, కరెంటొచ్చే వైరు, తిన్నగా హోల్డర్‌కే పోతోంది, స్విచ్‌ని న్యూట్రల్ మీద, అదే కరెంటు తిరిగెళ్లే వైరు మీద పెట్టారు. రెండు వైర్లలో ఏది తెంపినా దీపం ఆరుతుంది, నిజమే. కానీ స్విచ్ ఆపేశాం కదా అని తడి చేత్తో బల్బు మారుస్తాం చూడండీ, అక్కడ 230 వోల్టులు మన కోసం కాచుకుని ఉంటాయి. స్విచ్ ఫేజులోనే ఉండాలన్నది పనిలో చేరిన కుర్రాడికి మొదటి రోజు చెప్పాల్సిన సంగతి. ఆ ముక్కే అంటే, "సార్ ఉంటే ఓసారి పిలవండి మేడమ్" అన్నాడు. మా సార్‌కి ఇంట్లో మెయిన్ ఎక్కడుందో కూడా తెలీదు. వచ్చి, ఇద్దరూ కలిసి క్రికెట్ మాట్లాడుకున్నారు.

ఎలాగూ వచ్చాడు కదా అని గీజర్ సాకెట్ కూడా విప్పించా. పైన లావు కన్నం ఉంటుందే, ఎర్త్ పిన్ను దూరేది, దాని వెనక స్క్రూకి ఏ వైరూ లేదు. దానికి రావాల్సిన పచ్చ ఎర్త్ వైరు పైపులోంచి జానెడు బయటికొచ్చి, మొండిగా కత్తిరించి, టేపు చుట్టి, మడిచిపెట్టి ఉంది. వైరుంది, స్క్రూ ఉంది, రెండూ కలపడానికి ఎవరికో చేతులు రాలేదు! ప్లగ్గులో ఆ పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఎందుకు పెట్టారనుకున్నారు? గుచ్చేటప్పుడు ముందు అదే తగలాలని, పీకేటప్పుడు చివర అదే వదలాలని. అంత ఆలోచించి చేసినదాన్ని మనవాళ్లు అలంకారం చేసి కూర్చోబెట్టారు. గీజర్ కాయిల్ పాడై బాడీకి ఫేజు తగిలితే, ఆ కరెంటు పచ్చ వైరు పట్టుకుని పోయి ఎంసీబీ, అదే కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్, ట్రిప్ అవ్వాలి. వైరే లేకపోతే? షవర్ కింద నిలబడ్డవాళ్లే వైరు.

ఓనర్ గారికి ఫోన్ చేశా. "ఎంసీబీ పెట్టించాం కదమ్మా, అదే ట్రిప్ అవుతుంది" అన్నారు. అంకుల్, మీ ఎంసీబీ మీద 16 ఆంపియర్లని రాసుంది. మనిషి పోవడానికి అందులో వందో వంతు చాలు. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదానికీ 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే ఠక్కున ఆపేస్తుంది. అది పెట్టించమంటే "ఊరికే పడిపోతుంటుందమ్మా, విసుగు" అట. ఇంతకుముందు వంటింట్లో ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందంటే 32 ఆంపియర్లది వేయించిన మహానుభావులు కూడా ఈయనే. గోడలో వైరు మాత్రం అంత కరెంటు మోయలేని అదే పాత సన్నటి 1.5 స్క్వేర్ ఎంఎం. ఇక ఎంసీబీ పడదు, వైరే కాలుతుంది. సమస్య తీరిపోయింది.

ఇదే పెద్దమనిషి మెయిన్ బోర్డు ఆగ్నేయంలో లేదని గోడ పగలగొట్టించి మరీ మార్పించారు. అగ్నిదేవుడు తన మూలలో తానుంటే చాలు, ఎర్త్ అక్కర్లేదు కాబోలు. పచ్చ వైరు నేలలో కలిసే ఎర్తింగ్ గుంత ఎక్కడుందంటే పార్కింగ్ టైల్స్ కింద ఉందట. ఎండాకాలం తడి ఆరకుండా అందులో నాలుగు బకెట్లు నీళ్లు పోయాలన్నా టైల్స్ పగలాలి. గేటు దగ్గర ఫౌంటెన్‌కి మాత్రం రోజూ నీళ్లుంటాయి.

ఖాళీ చేసే రోజు చూడాలి వీళ్లని! పాత ఇంటి ఓనర్ టార్చి పట్టుకుని గోడగోడా వెతికి, క్యాలెండర్ మేకు కన్నం చూపించి, పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో నెల అద్దె కోసుకున్నాడు. ఈయనా కోస్తే కొయ్యనీ. ఆర్‌సీసీబీ రేపే పెట్టిస్తున్నా, ఆ బిల్లు వచ్చే నెల అద్దెలో ముందు నేనే కోసుకుంటా. ఏం చేస్తారో చూస్తా.