పెట్టె మార్చేముందు బొమ్మ ఎలా ఆగుతోందో చూడండి

టీవీ వెనక పెట్టుకున్న బుల్లి కంప్యూటర్లో సినిమా ఆగి ఆగి రావడం మొదలవగానే ఇంటిల్లిపాదీ ఒకే తీర్పు చెప్పేస్తారు: "పెట్టె పాతబడింది, కొత్తది తెచ్చేద్దాం." ఈ తీర్పులో తొందరే ఎక్కువ. కొత్త పెట్టె వచ్చాక కూడా అదే సినిమా అదే సీన్ దగ్గర మొరాయిస్తుంది. లోపం వైఫైలోనో, హార్డ్ డిస్క్‌లోనో, ఎవరూ తెరవని టీవీ మెనూలోనో ఉంటే పాపం పెట్టె ఏం చేస్తుంది?

బొమ్మ పాడయ్యే తీరే లోపం ఎక్కడుందో సగం చెప్పేస్తుంది. మొదటి నిమిషం నుంచే తడబడుతోందా, లేక అరగంట చక్కగా ఆడి ఆ తర్వాత మొదలుపెడుతోందా? వెనక్కి జరిపి చూస్తే సరిగ్గా అక్కడే మళ్లీ ఆగుతోందా, ఈసారి ఇంకోచోట ఆగుతోందా? అసలు ఆగుతోందా, లేక ఆగకుండానే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా కుదుపులు వస్తున్నాయా? మొదటి నుంచీ తడబాటైతే కుదించిన వీడియోను విప్పే డీకోడర్ని అనుమానించాలి. ఆలస్యంగా మొదలైతే వేడిని. ఒకే చోట ఆగితే ఫైలునో డిస్కునో, చోటు మారుతూ ఆగితే నెట్‌వర్క్‌ని. కుదుపులైతే అది రిఫ్రెష్ రేటు, అంటే తెరను సెకనుకు ఎన్నిసార్లు గీస్తారన్న లెక్క, దాని గొడవ. మినహాయింపులు లేకపోలేదు గానీ వెతుకులాట మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

"పెట్టె మీద 4కే అని రాసి ఉందిగా!" అంటారు. ఆ రాతను నమ్మి మోసపోకండి. హెచ్‌డీఎంఐ పోర్టులోంచి 4కే బొమ్మ బయటికి వస్తుందని చెప్పడానికి కూడా ఆ మాట రాస్తారు. లోపల ఏ రకం వీడియోను విప్పగలదో అందులో ఉండదు. విప్పే పనికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. వీడియో దానికి తెలిసిన కోడెక్‌లో (వీడియోను కుదించే పద్ధతిలో) ఉంటే 6 వాట్ల ప్రాసెసర్ కూడా 4కే సినిమాను ఆడుతూ పాడుతూ నడిపిస్తుంది. తెలియని కోడెక్ అయితే మొత్తం బరువు ప్రాసెసర్ మీద పడి, ఫ్రేములు రాలిపోతాయి.

హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1, హెచ్.264 అన్నవి కోడెక్‌ల పేర్లు; బిట్ అన్నది రంగుల సూక్ష్మతకు కొలత. ఇంటెల్ చిప్పుల్లో 8 బిట్ హెచ్‌ఈవీసీని విప్పే శక్తి 2015లో స్కైలేక్ తరంతో వచ్చింది. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ సినిమాలకు 10 బిట్ కావాలి, అది తర్వాతి తరమైన కేబీ లేక్‌తో వచ్చింది. ఏవీ1 కోసం 2020 నాటి టైగర్ లేక్ దాకా ఆగాల్సి వచ్చింది. మినీ పీసీల్లో తరచూ కనిపించే జే4125 ప్రాసెసర్‌కి హెచ్‌ఈవీసీ 10 బిట్, వీపీ9 వచ్చు, ఏవీ1 రాదు. ఎన్100కి మూడూ వచ్చు. అరచేతిలో పట్టే కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 5ది మరో తీరు: 4కే హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్‌తో విప్పుతుంది, పాత హెచ్.264ని మాత్రం ప్రాసెసర్‌తోనే లాక్కొస్తుంది. ఇక 10 బిట్ హెచ్.264 అనే రకం ఒకటుంది. జపాన్ కార్టూన్లైన యానిమే ఫైళ్లలో ఎక్కువగా తగులుతుంది. పెద్ద పెద్ద గ్రాఫిక్స్ కార్డులు కూడా చాలామటుకు దీన్ని ముట్టుకోవు. 4కే సినిమా నున్నగా ఆడే పెట్టెలో చిన్న కార్టూన్ ఫైలు ఆగుతోందంటే ముందు ఇది చూడాలి.

ఊహించుకోవడం ఎందుకు, ప్లేయర్నే అడగొచ్చు. ఎంపీవీ అనే వీడియో ప్లేయర్లో సినిమా ఆడుతుండగా షిఫ్ట్ పట్టుకుని ఐ నొక్కితే తెర మీద ఓ చిట్టా వస్తుంది. వీడియో అన్న వరుసలో కోడెక్ పేరుంటుంది, హార్డ్‌వేర్‌తో విప్పుతుంటే ఆ పద్ధతి పేరూ ఉంటుంది. అది లేకపోతే బరువంతా ప్రాసెసర్ మోస్తున్నట్టు. ఎంపీవీ తనంతట తానుగా హార్డ్‌వేర్ డీకోడింగ్ వాడదన్న సంగతి చాలామందికి తెలియదు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే అక్కడికక్కడే ఆన్ అవుతుంది. తడబాటు ఆగిపోయిందా, సెట్టింగ్స్ ఫైల్లో దాన్ని శాశ్వతం చేసుకోండి. అదే చిట్టాలో రాలిన ఫ్రేముల లెక్క రెండుగా ఉంటుంది: డీకోడర్ దగ్గర రాలినవి, అవుట్‌పుట్ దగ్గర రాలినవి. మొదటిది పెరుగుతుంటే విప్పడం చేతకావడం లేదని, రెండోదే పెరుగుతుంటే విప్పినదాన్ని తెరకు సమయానికి చేర్చలేకపోతోందని. ఈ రెండంకెలు చూడకుండా ర్యామ్ కొనేవాళ్లను ఏమనాలో తెలియదు.

కోడీ అనే మరో ప్లేయర్లో ఇంగ్లిష్ O అక్షరం నొక్కితే ఇలాంటి చిట్టానే వస్తుంది. విండోస్‌లో అయితే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో జీపీయూ కింద వీడియో డీకోడ్ గీత చూడండి. సినిమా ఆడుతున్నా ఆ గీత సున్నా దగ్గరే పడుకుని, ప్రాసెసర్ 90 శాతం దాటిందంటే హార్డ్‌వేర్ పని చేయడం లేదు. డివైస్ మేనేజర్లో గ్రాఫిక్స్ చిప్ పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే కారణం దొరికినట్టే: డ్రైవర్ లేదు. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక ఇది మామూలు. చిప్ తయారీదారు డ్రైవర్ వేస్తే సరిపోతుంది. కోడెక్ ప్యాక్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. కోడీ, వీఎల్‌సీ, ఎంపీవీ తమ డీకోడర్లను తామే వెంట తెచ్చుకుంటాయి. ప్యాక్ వేసినా వాటికి ఒరిగేదేమీ లేదు.

యూట్యూబ్ ఒక్కటే ఆగుతుంటే వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. కోడెక్ వరుసలో ఏవీ01 అని ఉండి, మీ చిప్‌కు ఏవీ1 రాకపోతే రోగం అదే. బ్రౌజర్లో ఏవీ1ని అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ వీపీ9 పంపుతుంది. కొందరు ఉత్సాహం కొద్దీ వీపీ9ని కూడా ఆపేసి హెచ్.264 మాత్రమే ఉంచుతారు. అప్పుడు 1080పీ దాటి బొమ్మ రాదు, ఆ తర్వాత 4కే ఏమైందని మళ్లీ వెతుక్కుంటారు.

ఇప్పుడు కుదుపుల సంగతి. దీన్ని పట్టుకోలేకే ఎక్కువ పెట్టెలు అన్యాయంగా అటకెక్కుతాయి. సినిమా సెకనుకు 24 ఫ్రేములంటాం గానీ ఫైళ్లలో ఎక్కువగా ఉండేది 23.976. కంప్యూటర్ మాత్రం తెరను సెకనుకు 60 సార్లు గీస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అరసారి గీయడం కుదరదు గనక ఒక ఫ్రేమును మూడుసార్లు, పక్కదాన్ని రెండుసార్లు గీస్తుంది. అంటే ఒకటి తెర మీద 50 మిల్లీసెకన్లు నిలిస్తే తర్వాతది 33 మిల్లీసెకన్లే నిలుస్తుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్లో కన్ను దీన్ని పట్టుకోదు. కెమెరా మెల్లగా ఓ వీధి పొడవునా తిరిగినప్పుడు, చివర్లో పేర్లు పైకి పాకేటప్పుడు మాత్రం ఒక అడుగు పెద్దదీ ఒక అడుగు చిన్నదీ వేస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్క ఫ్రేమూ రాలదు, ప్రాసెసర్ నిద్రపోతూ ఉంటుంది, అయినా బొమ్మ బాగుండదు. ఎంత బలమైన పెట్టె తెచ్చినా ఇది పోదు.

పోవాలంటే తెర రేటు సినిమాకు తగ్గట్టు మారాలి. కోడీలో సెట్టింగ్స్, ప్లేయర్, వీడియోస్‌లోకి వెళ్లి అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్‌ను ఆన్ స్టార్ట్ స్టాప్‌కు మార్చండి. కనిపించకపోతే ఎడమవైపు అడుగున సెట్టింగ్స్ స్థాయిని పెంచండి. రేటు మారేటప్పుడు టీవీ రెండు మూడు సెకన్లు నల్లబడుతుంది, అది మామూలే. సినిమా మొదటి మాటలు అందులో పోతుంటే అక్కడే రేటు మారాక కాసేపు ఆగమని చెప్పే సెట్టింగ్ కూడా ఉంది. విండోస్‌లో చేత్తో మార్చేవాళ్లు ఒకటి గమనించాలి: జాబితాలో 23, 24 రెండూ ఉంటే 23 అన్నదే 23.976. పొరపాటున 24 ఎంచుకుంటే దాదాపు 42 సెకన్లకోసారి ఒక చిన్న గెంతు వస్తుంది. గడియారం పెట్టుకుని చూస్తే దొరికిపోతుంది. 25 ఫ్రేముల వీడియోలకు 50 హెర్ట్జ్ కావాలి.

దీనికి తోడు టీవీ తన తెలివి తాను చూపిస్తుంది. లేని ఫ్రేములను పుట్టించి బొమ్మను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్‌ను ఆపేశాకే కంప్యూటర్ మీద తీర్పు చెప్పాలి. 4కేలో మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ కదులుతుంటే రేటు 30 హెర్ట్జ్ దగ్గర ఉండిపోయి ఉంటుంది. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు అంతకు మించి పంపలేదు. పోర్టు 2.0 అయినా 30 దాటకపోతే, టీవీ మెనూలో ఆ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ లాంటి పేరుతో ఉండే సెట్టింగ్ ఆన్ చేయాలి, లేదా కేబుల్ మార్చాలి. పాత డీవీడీలు, క్యామ్‌కార్డర్ వీడియోల్లో కదిలే మనిషి అంచులు దువ్వెన పళ్లలా చీలితే అది ఇంటర్‌లేసింగ్, అంటే బొమ్మను వరుస విడిచి వరుసగా రెండు సగాలుగా దాచే పద్ధతి. వీఎల్‌సీ, ఎంపీవీ రెండింట్లోనూ డీ అక్షరం నొక్కితే సర్దుకుంటుంది.

చోటు మారుతూ ఆగే బొమ్మకు పరీక్ష చాలా తేలిక. ఆ ఫైలును పెట్టె లోపలి డిస్కులోకి కాపీ చేసి ఆడించండి. చక్కగా ఆడిందంటే పెట్టె నిర్దోషి. 50 జీబీల రెండు గంటల సినిమాకు సగటున సెకనుకు 55 మెగాబిట్లు కావాలి. అది సగటు. జోరు సీన్లలో 100 దాటవచ్చు, 4కే బ్లూరే డిస్కుల్లో అంతకు మించి కూడా అనుమతి ఉంది. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ పోర్టు నిజానికి ఇచ్చేది 94. అందుకే ఇలాంటి సినిమా గంటసేపు బాగుండి సరిగ్గా యుద్ధం సీన్లో ఆగుతుంది. అదే చోట ఆగినా ఇక్కడ తప్పు ఫైలుది కాదు. గిగాబిట్ పోర్టు ఉండి కూడా వేగం 100 అని చూపిస్తే కేబుల్ తీసి చూడండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు చాలు. మిగతా రెండు జతల్లో ఒకటి తెగినా లింకు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతుంది.

తీగ లాగలేనివాళ్లు కనీసం 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారాలి. యూఎస్‌బీ 3 డిస్కులు, వాటి కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. డిస్కు తగిలించగానే వైఫై నీరసించడం, వైర్‌లెస్ కీబోర్డు అక్షరాలు మింగడం దాని పనే. డిస్కును అరమీటరు దూరం జరిపితే చాలాసార్లు తేడా తెలుస్తుంది. చిన్న చిన్న ఒడిదుడుకులకైతే కోడీ 21లో సర్వీసెస్ కింద ఉన్న క్యాషింగ్‌లో సినిమాను కాస్త ముందుగా తెచ్చి దాచుకునే 20 ఎంబీ బఫర్ను పెంచి చూడండి.

కాపీ చేస్తుంటేనే ఒకచోట వేగం సున్నాకు పడిపోతోందా? అయితే డిస్కు ఆరోగ్యం చూడండి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ (SMART) జాబితాలో 05, సీ5 వరుసల్లో అసలు విలువ సున్నా కాకపోతే ముందు మిగతా ఫైళ్లు ఇంకో డిస్కుకు చేర్చండి, సినిమా తర్వాత చూడొచ్చు.

అరగంట తర్వాత మొరాయించే పెట్టె పక్కన ఓ టేబుల్ ఫ్యాన్ పెట్టండి. తడబాటు ఆగితే వేడే కారణం. ఫ్యాన్ లేని పెట్టెలను టీవీ వెనక మూసిన అరలో పెడితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ ఉంచి, రంధ్రాల్లో దుమ్ము ఊది, చాలా ఏళ్లదైతే చిప్ వేడిని బయటికి చేర్చే థర్మల్ పేస్టు బఠాణీ గింజంత కొత్తగా పూయండి. అయితే హార్డ్‌వేర్ డీకోడింగ్ సరిగ్గా నడుస్తున్న పెట్టె సినిమాకు అంత వేడెక్కదు. పేస్టు పూసేముందు ఇందాకటి చిట్టా మరోసారి చూడటం మేలు.

ఇన్ని చూశాక కోడెక్ దగ్గరే తేలిందనుకోండి, అప్పుడైనా కొత్త పెట్టె ఒక్కటే దారి కాదు. ఆగే ఫైళ్లు పదో పన్నెండో అయితే ఇంట్లోని బలమైన ల్యాప్‌టాప్‌లో వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, 8 బిట్ హెచ్.264కి, 1080పీ, నాణ్యతను నిర్ణయించే ఆర్ఎఫ్ అంకె 20 దగ్గర రాత్రికి మార్పించుకోవచ్చు. హెచ్‌డీఆర్, 4కే రెండూ పోతాయి, అది నష్టమే. సేకరణ అంతా ఏవీ1లో ఉన్నవాళ్లకు మాత్రం ఈ మార్గం చెప్పను. వాళ్లు చిప్ పేరు పట్టుకుని, అది విప్పగల కోడెక్‌ల జాబితా తయారీదారు పేజీలో చదివి, ఆ తర్వాతే కొత్తది కొనాలి.