నీటిరంగులకు సొంత గోడలు

లండన్‌లో 1804 నవంబరు 30న ఆక్స్‌ఫర్డ్ వీధిలోని ఒక కాఫీ హౌస్‌లో కొద్దిమంది చిత్రకారులు సమావేశమై నీటిరంగుల చిత్రకారుల సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. దీన్ని చాలామంది కళాభిరుచికి సంబంధించిన ఘట్టంగానే చెబుతారు కానీ, నా దృష్టిలో అది ముందుగా బతుకుతెరువు సమస్య. నీటిరంగులతో మాత్రమే పనిచేసేవారికి, బ్రిటన్‌లో చిత్రకారుల ప్రధాన సంస్థ అయిన రాయల్ అకాడమీ సభ్యత్వానికి అప్పట్లో అర్హత ఉండేది కాదు. సోమర్‌సెట్ హౌస్‌లో ఏటా జరిగే అకాడమీ ప్రదర్శనలో వారి చిత్రాలకు చోటు దొరికినా, ముదురు రంగుల పెద్ద తైలవర్ణ చిత్రాల పక్కన ఆ లేత రంగులు వెలవెలబోయేవి. చూపరి కన్ను ఆగని చిత్రాన్ని ఎవరు కొంటారు?

అందుకే విలియం ఫ్రెడరిక్ వెల్స్, శామ్యూల్ షెల్లీ, రాబర్ట్ హిల్స్, జాన్ వార్లీ వంటివారు సొంత గోడలు వెతుక్కున్నారు. 1805 ఏప్రిల్‌లో లోయర్ బ్రూక్ వీధిలో తెరిచిన తొలి ప్రదర్శనలో 275 చిత్రాలు ఉంచితే, దాదాపు 12,000 మంది రుసుము చెల్లించి చూశారు. మిగిలిన లాభాన్ని సభ్యులే పంచుకున్నారు. అకాడమీ దయతో పనిలేకుండా చిత్రకారులే తమ సరుకును నేరుగా కొనుగోలుదారుల ముందు పెట్టిన ఈ పద్ధతే, శైలీపరమైన ఏ కొత్తదనం కన్నా, సంఘం సాధించిన అసలు విజయమని నేను భావిస్తాను.

అయితే ఆదాయం తగ్గగానే 1812లో సంఘం చీలింది. మిగిలినవారు తైలవర్ణ చిత్రాలనూ చేర్చుకుని నెట్టుకొచ్చి, 1820లో మళ్లీ నీటిరంగులకే పరిమితమయ్యారు. 1823లో పాల్ మాల్ ఈస్ట్‌లో స్థిరమైన చోటు దొరికింది. ఆ తరువాతి దశాబ్దాల్లో చిక్కటి రంగులతో, బంగారు పూత ఫ్రేములతో తైలవర్ణానికి దీటుగా నిలవాలనే తాపత్రయం పెరిగి, తడి కాగితం మీద రంగు తేటగా పరుచుకునే సహజ గుణం కొంత మరుగున పడింది. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

అంతకన్నా బాధాకరం, గెంటివేతకు గురైనవారే తమ తలుపులు బిగించుకోవడం. సభ్యుల సంఖ్యకు సంఘం గట్టి పరిమితి పెట్టడంతో, లోపలికి దారి దొరకని చిత్రకారులు 1831లో మరో కొత్త సంఘం పెట్టుకోవలసి వచ్చింది. పూల చిత్రాలు వేసిన ఆన్ ఫ్రాన్సిస్ బర్న్ పాత సంఘంలో దాని తొలి ఏళ్లలోనే ప్రదర్శించినా, అక్కడ స్త్రీలకు నిర్వహణలో పాత్ర గానీ లాభాల్లో వాటా గానీ ఇవ్వలేదు. 1881లో రాజముద్ర పొంది రాయల్ సంఘమైన తరువాత కూడా, పూర్తి సభ్యత్వం తొలిసారి ఒక మహిళకు, హెలెన్ ఆలింగమ్‌కు, దక్కింది 1890లో. అప్పటికి ఆమె ఆ గోడల మీద తన చిత్రాలు పెట్టడం మొదలై పదిహేనేళ్లు గడిచాయి.