2011 జనాభా లెక్క గారికి, విజయవాడ నుంచి

మహారాజశ్రీ 2011 జనాభా లెక్క గారికి,

కృష్ణలంక నుంచి ఒక పాత ఎన్యూమరేటర్, అంటే ఇంటింటికీ తిరిగి మీ లెక్క రాసిన టీచరు, నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎంతమందిమి అని మాత్రం అడక్కండి, అది చెప్పాల్సింది మీరే.

మీ రిటైర్మెంట్ దగ్గర పడిందని విన్నాను. అసలు 2021లోనే దిగిపోవాలి. కోవిడ్ వచ్చింది, కొత్త లెక్క వాయిదా పడింది. కోవిడ్ పోయింది, వాయిదా ఉండిపోయింది. 1881 నుంచి పదేళ్లకోసారి, ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1941లో కూడా, తలలు లెక్కపెట్టిన దేశం ఇది. మీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. మా టీచర్లకు రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి, అక్కణ్ణుంచి 62కి పెరగడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మీకు దరఖాస్తు కూడా పెట్టకుండానే ఆరేళ్లు కలిసొచ్చాయి.

ఆ ఆరేళ్లూ మీరేం ఖాళీగా లేరు. ఆహార భద్రత చట్టం కింద బియ్యం ఇవ్వాల్సింది 81.35 కోట్ల మందికి అని తేల్చింది మీ 121 కోట్లను చూసే. మీ తర్వాత పుట్టినవాళ్ల ఆకలి ఇంకా రికార్డులకెక్కలేదు. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు వాటాలు వేసినప్పుడు కూడా జనాభా అంటే మీరే. అయినా మీ ఇంట్లో మీరు చిన్నవారి కిందే లెక్క. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో యాభై ఏళ్లుగా చెబుతూ వచ్చింది మీ పెద్దన్న 1971 గారు. జనాభా తగ్గించుకున్న రాష్ట్రాలకు సీట్లు తగ్గుతాయేమోనన్న భయం ఆ పెద్దాయన్ను అక్కడే కూర్చోబెట్టింది. ఆ భయంతోనే కాబోలు, ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దన్న మన రాష్ట్రం 2024 నవంబరులో ఆ రూలు తీసేసింది. ఇప్పుడు ఇంకొకరిని కనమంటోంది. మా ఆడవాళ్లకు లెక్కల శాఖవాళ్ల మూడ్ చూసి కనడం ఇంకా అలవాటు కాలేదు.

సరే, అసలు విషయం వలస. మీ లెక్కన దేశంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి వచ్చినవాళ్లు 45 కోట్ల పైమాటే. ఆ అంకె వినగానే టీవీవాళ్లు మూటలతో రైలెక్కే కూలీలను చూపిస్తారు. అందులో సగానికి కాస్త తక్కువ మంది పెళ్లయి ఊరు మారినవాళ్లు, దాదాపు అందరూ ఆడవాళ్లే. తెనాలి పిల్ల విజయవాడ కోడలైతే మీ దృష్టిలో వలస. కారణం దగ్గర ఒక్కటే రాయాలి, పెళ్లి. ఆమె వచ్చిన ఆర్నెల్లకే బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లో పనికి కుదిరినా, ఆ జీతంతోనే ఇరవై ఏళ్లు ఇల్లు నడిపినా, మీ పట్టికలో ఇంకా పెళ్లికూతురే. పని కోసం ఊరు మారేది మగవాళ్లేనని తర్వాత ఎవరో పెద్దాయన వ్యాసం రాస్తాడు.

అంతకన్నా ముచ్చటైన కారణం ఇంకొకటుంది, పుట్టాక తరలిరావడం. మనకు తొలి కాన్పు పుట్టింట్లో కదా. గుంటూరు పిల్ల అక్కడే ప్రసవించి, ఐదో నెలలో సారెతో, బాబుతో వారధి దాటి విజయవాడ అత్తారింటికొచ్చింది. అప్పట్లో ఏటికి అటు గుంటూరు జిల్లా, ఇటు కృష్ణా జిల్లా. కాబట్టి బాబు వేరే జిల్లా నుంచి వలస వచ్చిన మనిషి. ఉయ్యాల్లో ఉన్నవాడి గురించి, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎన్నాళ్లైంది అని నేను సీరియస్‌గా అడుగుతుంటే వాళ్ల నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, మంచినీళ్లు ఇవ్వకుండానే లోపలికెళ్లిపోయింది.

ఇంత సూక్ష్మంగా చూసే మీ కంటికి సుగ్గి ఎలా ఆనలేదండీ? కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప చేలకు దిగుతాయి. వాళ్లు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. బడి మాన్పించిన పిల్లలు కూడా వెంటే. మీరు తలుపులు తట్టేది ఫిబ్రవరిలో, లెక్క బిగించేది మార్చి 1న. సరిగ్గా కోతలు జోరుమీదుండే రోజులు. కోసిగిలో ఇంటికి తాళం, ఇక్కడ చేనుగట్టు మీది గుడారానికి డోర్ నంబర్ లేదు. ఇల్లూ వాకిలీ లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టాలని రూలుంది, నిజమే. ఆ రాత్రి మమ్మల్ని పంపింది స్టేషన్ ముందుకీ, బస్టాండు అరుగుల మీదికీ. మిరప చేలోకి టార్చిలైటు పట్టుకుని ఎవరైనా వెళ్లారేమో మీకే తెలియాలి.

జాతీయ నమూనా సర్వేవాళ్లు 2007-08లో ఒక మంచి ప్రశ్న వేశారు. పని కోసం ఏడాదిలో నెలకు తక్కువ కాకుండా, ఆర్నెల్లకు మించకుండా ఊరు విడిచి ఉన్నారా అని. మీరు అడిగింది, ఇంతకుముందు ఎక్కడుండేవారు అని. ఏటా వచ్చి ఏటా పోయేవాడు దానికి ఏం చెబుతాడు? ఆ చెప్పిన జవాబులైనా చాలావరకు పట్టికలుగా బయటికొచ్చేసరికి 2019 అయింది.

మరుసటి ఏడాదే లాక్‌డౌన్. జనం పిల్లల్ని చంకనేసుకుని మా ఊరి హైవే మీదుగా ఒడిశా వైపు, బీహారు వైపు నడిచారు. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో ఒకరు అడిగారు, ఇంటికి పోతూ చనిపోయిన వలస కార్మికులు ఎంతమంది అని. కార్మిక శాఖ ఆ సమాచారం తమ దగ్గర లేదంది. లేదు కాబట్టి పరిహారం అన్న ప్రశ్నే రాదంది. అప్పుడైనా మీకు కొంచెం ఇబ్బందిగా అనిపించలేదా?

పోనీ ఈ ప్రభుత్వాలకు లెక్కలు రావా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. 2016లో ప్రజా సాధికార సర్వే అని ట్యాబులతో వచ్చారు. తర్వాత వాలంటీర్లు వచ్చారు. ఇప్పుడు సచివాలయంలో ఏ ఇంట్లో ఎవరున్నారో మ్యాపింగ్. మా ఇంట్లో నెలకు 300 యూనిట్ల కరెంటు దాటితే వాళ్లకు నాకన్నా ముందు తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు పేరు ఇక్కడి రేషన్ కార్డులో ఉంటే చిక్కు, తీసేద్దామంటే ఇంకో చిక్కు. అందుకే రిజిస్టరు పట్టుకుని ఎవరొచ్చినా మా బజారులో మొదటి మాట, "ఏ పథకానికండీ?" పథకానికైతే వాకిట్లో కారు అల్లుడిది. వరద సాయానికైతే అందరం కింది అంతస్తే. 2024లో బుడమేరు వాగు పొంగి ఊరు మునిగినప్పుడు కింది వాటాకు 25 వేలు, పైవాటికి 10 వేలు అన్నారు కదా మరి. ఆ డబ్బు అద్దెకున్నవాళ్లదా, ఇంటివాళ్లదా అని మెట్ల దగ్గర జరిగిన యుద్ధాలు ఏ పట్టికకూ ఎక్కవు.

జనాభా లెక్కల చట్టం 1948 ప్రకారం మీకు చెప్పింది కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదని ఆ రోజుల్లో నేను ఇంటింటికీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. మిగతా సర్వేలన్నీ కార్డులో కోత పెట్టడానికే వస్తుంటే మీ ఒక్కరి మాట ఎందుకు నమ్మాలి?

ఇక మీ వారసుడు 2027 గారు ఫోనులోనే వస్తున్నారట. 1931 తర్వాత మళ్లీ అందరి కులమూ రాస్తారట, మా టీకొట్టు దగ్గర గోలంతా దాని గురించే. లెక్క బిగించే మార్చి 1 ఈసారి సోమవారం. అమరావతిలో ఐదు రోజులు పనిచేసి, శని ఆదివారాలు హైదరాబాద్‌లో పెళ్లాంపిల్లలతో గడిపే మా ఉద్యోగులు ఆ అర్ధరాత్రికి అక్కడే ఉంటారు, తెల్లారేసరికి రైలెక్కుతారు. వాళ్లది ఏ ఊరో ముందే తేల్చి పెట్టుకోమనండి. ఛార్జి అప్పగించేటప్పుడు సుగ్గి మాట కూడా ఫైల్లో రాసి సంతకం పెట్టండి. మిరప చేలకు వెళ్లే ఎన్యూమరేటర్లకు టార్చిలైటుతో పాటు బండికి పెట్రోలు డబ్బులు ముందే ఇవ్వమనండి.

ఇట్లు,
2011లో కృష్ణా జిల్లాలో, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో, అదే ఇంట్లో, అదే కుర్చీలో ఉన్న
మీ విధేయుడు