దిగబోయి ఎక్కిన లిఫ్టు

పెళ్లికి బయల్దేరే తొందరలో ఉన్నప్పుడే కరెంటు పోవడం బెజవాడలో మే నెల ఆనవాయితీ. బాబాయి చేతిలో అరటి గెల, పిన్ని ఒంటి మీద కొత్త పట్టుచీర. ఐదో అంతస్తులో లిఫ్టు ఎక్కి మీట నొక్కారు. కాస్త దిగిందో లేదో, ఠక్కున ఆగి చీకటైపోయింది. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీసే బ్యాటరీ ఒకటుండాలి. ఉంది కూడా. అది చచ్చి చాలాకాలమైంది, కొత్తదాని సంగతి అసోసియేషన్ మీటింగుల్లో ఇంకా నలుగుతోంది.

"తాళ్లు తెగితేనో?" అంది పిన్ని లోపల్నుంచి. పక్క ఫ్లాటు రిటైర్డ్ ఇంజినీరుగారు తలుపు సందులో నోరు పెట్టి, తాడు తెగినా లిఫ్టును పట్టి ఆపే ఏర్పాటు కనిపెట్టిన ఎలీషా ఓటిస్ 1854లో న్యూయార్కులో తాను నిలబడ్డ లిఫ్టు తాడు తానే నరికించుకున్నాడనీ, అయినా పడలేదనీ ధైర్యం చెప్పారు.

"ఆయనకేం, పెళ్లి భోజనానికి టైమవుతోందా ఏమన్నా!" అంది పిన్ని.

మెకానిక్ వచ్చి డాబా మీది మెషీన్ రూముకెక్కాడు. "మెల్లిగా కిందికి దించు బాబూ" అని బాబాయి కేక. బ్రేకు వదలగానే లిఫ్టు కదిలింది. పైకి.

"కిందికయ్యా, కిందికి!"

"అది పైకే పోద్దండీ" అని మెట్ల మీంచి వినబడింది.

ఇంజినీరుగారికి ఇంతకంటే మంచి అవకాశం ఎప్పుడొస్తుంది? "తాళ్లకి అవతలి కొసన కౌంటర్ వెయిట్ ఉంటుందండీ. ఖాళీ లిఫ్టు బరువూ, అది మోయగలిగిన దాంట్లో దాదాపు సగమూ కలిపి దిమ్మలు పేరుస్తారు. మోటారు తేడా మాత్రం లాగితే చాలు, కరెంటు కలిసొస్తుంది. మనది ఆరుగురి లిఫ్టు. మనిషికి 68 చొప్పున 408 కిలోలు. సగం 204. లోపల అంతకంటే తక్కువుంటే దిమ్మలు దిగుతాయి, మీరు లేస్తారు. రెండు బొక్కెనల గిలకబావి లాగన్నమాట. ఇంతకీ ఇద్దరూ ఎంతుంటారు?"

వరండా అంతా చెవులు రిక్కించింది.

"నేను 74. ఈవిడ..."

"అరవై!" అంది పిన్ని. బాబాయికి పొలమారింది.

"గెలతో కలిపినా చాలదు. కిందికి రావాలంటే ఇంకో మనిషైనా ఎక్కాలి."

"ఎక్కడానికి తలుపు తెరుచుకుంటే మేమే దిగిపోతాం కదండీ!"

చివరికి లిఫ్టు ఐదో అంతస్తుకే వచ్చి ఆగింది. బాబాయి గెల భుజానేసుకుని మెట్లు పట్టాడు. పిన్ని మాత్రం మెకానిక్ కోసం ఆగింది.

"పైకే వచ్చిందంటే నేను లావు కానట్టేగా బాబూ?"

"లిఫ్టు లెక్కలో మీరు చాలా తేలికమ్మా."

పెళ్లి పంక్తిలో ఆ లెక్క అందరికీ వినిపించి మరీ, పిన్ని బూరె మీద బూరె వేయించుకుంది.