అద్దెకు దిగబోయే ఆ ఉత్తముడి కోసం

అద్దె ఇల్లు వెతికేవారు గదులూ కుళాయిలూ కిటికీలూ చూసుకుంటే చాలునని పూర్వులు పొరబడ్డారు. ముందుగా ఎంచుకోవలసింది పేటను. ఇల్లు అందులో ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. ఈ సూత్రాన్ని శిరసావహించి, నాలుగు పేటలను 18 అంశాల మీద తూచే పట్టిక ఒకటి తయారుచేశాను. ప్రతి అంశానికీ మార్కులు, వాటి ప్రాముఖ్యాన్ని బట్టి శాతాలు, చివర మొత్తం. నేను చదువుకునే రోజుల్లో నా జవాబు పత్రాలను ఎవరూ ఇంత నిష్ఠగా దిద్దలేదు.

శాస్త్రాన్ని విస్మరించానన్న నింద నాకు అక్కర్లేదు. నగర కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ స్థలానికి, దూరమయ్యేకొద్దీ ప్రయాణానికి ఎక్కువ చెల్లించుకుంటామని నగర ఆర్థికవేత్త విలియం అలాన్సో 1964లోనే సిద్ధాంతీకరించాడు. మనిషి రోజువారీ రాకపోకలకు సుమారు ఒక గంట కేటాయిస్తాడని, వాహనాల వేగం పెరిగితే ఆ గంటను మిగుల్చుకోకుండా మరింత దూరం జరిగిపోతాడని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశాడు. చవకగా దొరికే అదనపు గది ప్రయాణపు బాధను తీర్చేయాలి కదా అనుకునేవారికి స్టుట్సర్, ఫ్రై అనే ఆర్థికవేత్తలు 2008లో జర్మనీ గణాంకాలతో జవాబిచ్చారు: ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం పట్ల తృప్తి తగ్గుతూనే కనిపించింది. వీటన్నిటినీ గౌరవించి దూరానికి 20 శాతం ప్రాముఖ్యం ఇచ్చాను. దూరపు పేటలో పార్కు కనబడగానే దాన్ని 5 శాతానికి తగ్గించాను. బస్సులో పుస్తకాలు చదువుకుంటాను గనుక ఆ సమయం వృథా కాదని పక్కన వివరణ కూడా రాసుకున్నాను.

పార్కు విషయం కాస్త విపులంగా చెప్పాలి. గత కొన్నేళ్లలో నేను ఉదయం ఎనిమిదికి ముందు నిద్రలేచిన సందర్భాలన్నీ రైలు అందుకోవడానికి సంబంధించినవే. కానీ ఆ పట్టికలోని అద్దెదారు అటువంటివాడు కాడు. ఐదింటికే లేచి పార్కు చుట్టూ పరుగెత్తుతాడు. సాయంత్రాలు గ్రంథాలయంలో గడుపుతాడు. సరుకులు నడిచి వెళ్లి తెచ్చుకుంటాడు. పొరుగువారందరినీ పేరు పెట్టి పలకరిస్తాడు. ఆయన అభిరుచులకు తగినట్టు ఈతకొలనుకు కూడా నాలుగు మార్కులు కేటాయించాను, నాకు ఈత రాకపోయినా. ఆయనకూ నాకూ ఉమ్మడిగా ఉన్నది బ్యాంకు ఖాతా ఒక్కటే.

స్వయంగా చూడందే నిర్ణయించకూడదు గనుక, నాలుగు పేటలనూ ఒకే ఆదివారం ఉదయం చుట్టి వచ్చాను. ఆదివారం ఉదయం ఏ పేటైనా తనిఖీ అధికారి వస్తున్నాడని ముందే తెలిసిన బడిలా ఉంటుంది. రహదారుల మీది రాకపోకల శబ్దం రాత్రివేళ సగటున 45 డెసిబెళ్లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సూచించింది. డెసిబెళ్లు పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది గనుక ఇది తేలిగ్గా తీసుకోదగ్గ అంశం కాదు. అందుకే పార్కు మధ్యలో, చెట్టుకింద బెంచీ మీద కూర్చుని ఫోనుతో కొలిచి, దూరపు పేటకు పూర్తి మార్కులు వేశాను. రాత్రి పదకొండు దాటాక ఒకసారి రమ్మని అక్కడి పెద్దాయన ఒకరు అన్నారు. ఒక్కరి మాట మీద ఆధారపడటం పరిశోధనా పద్ధతికి విరుద్ధం గనుక పట్టించుకోలేదు. వానాకాలం గురించి కూడా ఆయన ఏదో చెప్పబోయారు.

ఇంతా చేసి కూడితే ఆఫీసు పక్కనున్న పేట నెగ్గింది. పట్టికలో ఎక్కడో పొరపాటు దొర్లిందని వెంటనే గ్రహించి, పచ్చదనం వాటా రెట్టింపు చేశాను, లెక్క సరిపోయింది. ఒప్పందం రాసుకునేటప్పుడు ఇంటి యజమాని ఎంతమంది ఉంటారని అడిగితే, ఒక్కడినేనని చెప్పాను.

దిగి ఆరు నెలలైంది. పడకగది కిటికీ కింద లారీలు రాత్రి రెండింటి దాకా నడుస్తాయి. బస్సులో నిలబడటానికే చోటుండదు గనుక పుస్తకం సంచీలోనే ఉంటోంది. పార్కుకూ మా వీధికీ మధ్య ఉన్న ఆరు వరుసల రహదారి 18 అంశాల్లో ఒకటిగా ఎందుకు లేదో ఇంకా పరిశీలిస్తున్నాను. పరుగెత్తే ఆ మహానుభావుడి వాటా కూడా కలిపి అద్దె ప్రతినెలా ఒకటో తేదీన నేనే కడుతున్నాను. ఆయన ఇంకా దిగలేదు.